మందుకు రెండు పేర్లు

మనిషికి ఒక పేరు ఉంటుంది. ఇంటిలో పిలుచుకునే పేరు మరొకటి ఉంటుంది. బడి రిజిస్టరులో వ్రాసిన పేరు వేరు, అమ్మ పిలిచే పేరు వేరు. పాత దస్తావేజులలో అసలు పేరు వ్రాసి, ప్రక్కన "ఉర్ఫ్" అని చేర్చి, లోకం పిలిచే పేరును కూడ వ్రాసేవారు. పేర్లు రెండైనా మనిషి ఒక్కడే అని తెలియడానికే ఆ "ఉర్ఫ్" అనే చిన్న మాట. మందులకు కూడ ఇట్లే రెండేసి పేర్లున్నవి. కాని మందుల దుకాణం ముందు నిలిచినప్పుడు ఆ "ఉర్ఫ్" సంగతి మనం మరచిపోతున్నాము. అందువలన మన డబ్బు పోతున్నది. ఒక్కొక్కప్పుడు డబ్బుకంటె విలువైనదే పోతున్నది.

ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. తెలుగు పాఠాలు చెప్పుకొని జీవించేవాడు. అయినను పేర్లను గూర్చి, పదాలను గూర్చి ఆలోచించడం మా వృత్తిలో భాగం. ఈ విషయాన్ని నేను నేర్చుకొన్నది గ్రంథాలయంలో కాదు, మా ఇంటిలో.

మా నాన్నగారు కుట్టుపని చేసి మమ్ము చదివించినారు. నలభై ఏండ్లు నూలు దుమ్ములో కూర్చున్నందుననేమో, చలికాలం వచ్చిందంటే తెల్లవారుజామున ఇరవై ముప్పై తుమ్ములు తుమ్మనిదే ఆయన లేవరు. కొన్నేండ్ల క్రిందట పట్నంలో వైద్యునికి చూపించగా, రాత్రిపూట వేసికొమ్మని ఒక మాత్ర వ్రాసినారు. ఆ తరువాత కొద్ది రోజులకు ఊరిలో ఆయనకు ఒంటిమీద దద్దుర్లు లేచినవి. మా అమ్మ ఊరి దుకాణానికి కబురు పంపి "దద్దుర్ల గోలీ" తెప్పించినది. నాటినుండి నాన్నగారు తుమ్ములకొక మాత్ర, దద్దుర్లకొక మాత్ర చొప్పున రోజూ రెండు వేసికొంటూ వచ్చినారు. పది పన్నెండు రోజులు గడిచినవి. ఒకనాటి మధ్యాహ్నం మిషన్ మీద కునుకు పట్టి, సూది చూపుడువ్రేలిలో దిగిపోయినది.

కబురందుకొని నేను వెళ్ళేసరికి వ్రేలికి కట్టు కట్టుకొని, గోడకానుకొని కూర్చున్నారు. మాట తడబడుతున్నది. "అబ్బా, ఏమేమి మందులు వేసుకుంటున్నారు?" అని అడిగితే తలదిండు క్రిందనుండి రెండు స్ట్రిప్పులు తీసి చూపినారు. రెండింటి రంగు వేరు, పేరు వేరు, కంపెనీ వేరు. ఒకదాని వెల రెండవదానికి మూడింతలకు పైబడి ఉన్నది. కాని పేరు క్రింద వ్రాసిన అక్షరాలు రెండింటిమీదను ఒక్కటే: సెటిరిజిన్ హైడ్రోక్లోరైడ్, 10 మిల్లీగ్రాములు. తుమ్ములకు వేసికొన్నదీ అదే, దద్దుర్లకు వేసికొన్నదీ అదే. ఒకే మందును రెండు పేర్లతో రెండు వెలలకు కొని రెట్టింపు మోతాదు మ్రింగినారు. వైద్యుడు పరీక్ష చేయించగా, వయస్సు వలనను మధుమేహం వలనను ఆయన మూత్రపిండాల పని కొంత మందగించినదని, అట్టివారికి రోజుకు సగం మాత్రయే చాలునని తేలినది. అనగా ఆయనకు తగిన దానికి నాలుగింతలు ఆయన వేసికొన్నారన్నమాట.

వ్రేలు మానిపోయినది. కాని చదువుకొన్న కొడుకుండి కూడ ఆ రెండు స్ట్రిప్పులమీది చిన్న అక్షరాలు చదివినవారు ఇంటిలో ఎవరూ లేకపోయినారే అన్న బాధ నాలో మానలేదు. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

అసలు పేరు, అంగడి పేరు

ప్రతి మందుకు శాస్త్రజ్ఞులు అంగీకరించిన అసలు పేరు ఒకటి ఉంటుంది. దీనినే జెనరిక్ పేరు అంటారు. ఒకే మందును దేశానికొక పేరుతో పిలిస్తే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పేర్లను నిర్ణయించే ఏర్పాటు చేసినది. అట్టి పేర్ల మొదటి జాబితా 1953లో వెలువడినది. ఈ పేరు ఎవరి సొత్తూ కాదు. ఇక రెండవది అంగడి పేరు. కంపెనీ తన సరుకుకు పెట్టుకొన్న ముద్దుపేరు ఇది. దీనిని బ్రాండు అంటున్నాము. ఇది ఆ కంపెనీ సొత్తు, ఇతరులు వాడరాదు.

భాషావిద్యార్థులకు సంతోషం కలిగించే విషయమొకటి ఇక్కడ ఉన్నది. అసలు పేర్లకు వ్యాకరణం ఉన్నది. మన ప్రత్యయాలవలెనే ఆ పేర్ల చివరి భాగాలు మందు ఏ కుటుంబానికి చెందినదో తెలుపుతవి. లోరాటడిన్, డెస్‌లోరాటడిన్, రూపాటడిన్: వీటి చివర "టడిన్" ఉన్నది. ఎబాస్టిన్, బిలాస్టిన్: వీటి చివర "ఆస్టిన్" ఉన్నది. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ అనే రెండింటి చివర "రిజిన్" ఉన్నది. ఇవన్నీ అలర్జీని అణచే మందులే. అంగడి పేర్లకు ఇట్టి నియమమేదీ లేదు. వినడానికి సొంపుగా ఉండాలి, వైద్యునికి గుర్తుండాలి, అంతే. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనంటే అసలు పేరు యౌగికము, అంగడి పేరు రూఢము. మొదటిదాన్ని విడదీసి అర్థం తెలిసికొనవచ్చును. రెండవదాన్ని కంఠస్థం చేయవలసినదే.

తుమ్ముకు మందుకు గల సంబంధం

మన శరీరంలో హిస్టమిన్ అనే పదార్థమున్నది. శరీరానికి పడని వస్తువేదైనా తగిలినప్పుడు కొన్ని కణాలు దీనిని విడుదల చేస్తవి. తుమ్ములు, ముక్కు కారడం, కండ్ల దురద, దద్దుర్లు దీని చేష్టలే. ఆ పడని వస్తువు ఒకరికి ఇంటి దుమ్ము, ఒకరికి పుప్పొడి, మరొకరికి బూజు. మన ఊళ్ళలో బాటల ప్రక్కన, బీళ్ళలో తెల్లని పూలతో విరగబూసే వయ్యారిభామ మొక్క చాలమందికి చర్మరోగాలను, ఆయాసాన్ని తెచ్చిపెడుతున్నది. మన కళాశాల వెనుకగోడ ప్రక్కన కూడ అది పెరుగుతూనే ఉన్నది.

హిస్టమిన్ తన పనిని చేయడానికి కణాలమీద కొన్ని స్థానాలలో కుదురుకొనవలెను. ఆ స్థానాలను ముందుగానే ఆక్రమించి దానికి చోటు లేకుండ చేసేవే ఈ మందులు. వీటిని యాంటీహిస్టమిన్‌లు అంటారు. ఈ పరిశోధనకు దారి తీసినవారిలో ఒకరైన డేనియల్ బోవే 1957లో నోబెల్ బహుమతి పొందినారు.

ఈ మందులలో రెండు తరాలున్నవి. ఫెనిరమిన్, క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ మొదలైనవి పాతతరానివి. ఇవి మెదడులో ప్రవేశించి మత్తు కలిగిస్తవి. నోరు ఎండుతుంది. ముసలివారికి మూత్రం బిగబట్టడం, తికమక కలుగవచ్చును. సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మొదలైనవి క్రొత్తతరానివి. ఇవి మెదడులోనికి చాల తక్కువగా పోతవి. వీటిలో సెటిరిజిన్‌కు కొంత మత్తు గుణం ఉన్నది. ఫెక్సోఫెనడిన్‌కు, లోరాటడిన్‌కు అంతకంటె తక్కువ. పరీక్షకు ముందురోజు జలుబని పాతతరపు మాత్ర మ్రింగి, ప్రశ్నపత్రం ముందు తూలే విద్యార్థులను మేము ప్రతి ఏడూ చూస్తున్నాము. ఆటో నడిపేవారు, మిషన్ మీద పనిచేసేవారు ఈ భేదం తప్పక తెలిసికొనవలెను.

జెనరిక్ మందు అనగానేమి?

క్రొత్తమందును కనిపెట్టిన కంపెనీకి కొంతకాలం దానిమీద ఏకహక్కు ఉంటుంది. అదే పేటెంటు. ఆ గడువు తీరిన తరువాత అదే మందును ఇతరులు కూడ తయారుచేయవచ్చును. అట్లు తయారైనదే జెనరిక్ మందు. పరిశోధనకు, ప్రచారానికి పెట్టిన పెద్ద ఖర్చు వారికి లేదు కనుక తక్కువ వెలకు అమ్మగలుగుతారు.

మన దేశంలో ఈ కథ కొంత భిన్నంగా నడచినది. 1970 నాటి పేటెంట్ల చట్టం 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చినది. మందులకు సంబంధించినంతవరకు వస్తువుకు కాక, తయారుచేసే పద్ధతికి మాత్రమే అది పేటెంటు ఇచ్చినది. వేరొక పద్ధతిలో అదే మందును తయారుచేస్తే నేరం కాదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ హైదరాబాదులో కర్మాగారం నెలకొల్పినది. అక్కడ అనుభవం గడించినవారు అనేకులు తరువాత సొంత పరిశ్రమలు పెట్టినారు. మన నగరం మందుల తయారీకి ప్రసిద్ధి కెక్కడానికి ఈ రెండూ కారణాలే. 2005 నుండి మన దేశంలో వస్తువుకు కూడ పేటెంటు ఇస్తున్నారు. సెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి మందులమీద నేడు ఎవరికీ ఏకహక్కు లేదు.

కనుక దుకాణంలో మనం కొనే అలర్జీ మాత్రలు, బ్రాండు పేరు ఉన్నను లేకున్నను, దాదాపు అన్నీ అర్థంలో జెనరిక్ మందులే. ఇది చాలమందికి తెలియదు. "జెనరిక్" అంటే ఏదో నాసిరకమని, "కంపెనీ మందు" అంటే అసలైనదని భ్రమ. సెటిరిజిన్‌ను కనిపెట్టినది బెల్జియం దేశపు కంపెనీ. మన దుకాణాలలో ఆ మందును పదులకొలది కంపెనీలు పదులకొలది పేర్లతో అమ్ముతున్నవి. వాటిలో "అసలు" ఏది? "నకలు" ఏది? అన్నింటిలోను మందు ఒక్కటే.

అమెరికానుండి, గల్ఫ్ దేశాలనుండి వచ్చే బంధువులు అలర్జీ మాత్రల సీసాలు తెచ్చి ఇస్తే మనవారు వాటిని అపురూపంగా దాచుకొంటారు. హైదరాబాదు పరిసరాలలో తయారైన జెనరిక్ మందులు సముద్రాలు దాటి అమెరికా దుకాణాలలో అమ్ముడవుతున్నవన్న సంగతి వారికి తెలియదు. మన పొరుగున పుట్టిన మందే విదేశం చుట్టివచ్చి మన బీరువాలో గౌరవం పొందడం అసంభవమేమీ కాదు.

చౌక మందు పనిచేయునా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి నిజాయితీగా సమాధానం చెప్పవలెను.

జెనరిక్ మందులోని అసలు ద్రవ్యం, దాని పరిమాణం బ్రాండు మందుతో సమంగా ఉండవలెను. రంగు, ఆకారం, మాత్రను గట్టిపరచే పిండిపదార్థాలు వేరు కావచ్చును. మన ఔషధ నియమాల ప్రకారం ఇండియన్ ఫార్మకోపియా అనే ప్రమాణగ్రంథంలోని పరీక్షలకు రెండూ నిలువవలెను. స్ట్రిప్పు మీద అసలు పేరు ప్రక్కన కనిపించే "ఐ.పి." అనే అక్షరాలకు అర్థమిదే. మ్రింగిన మందు రక్తంలో సమంగా చేరుతున్నదా అని చూచే పరీక్ష మరొకటి ఉన్నది. నీటిలో సులభంగా కరగని మందుల జెనరిక్‌లకు ఈ పరీక్షను మన దేశంలో 2017 నుండి తప్పనిసరి చేసినారు. సెటిరిజిన్ నీటిలో బాగుగా కరిగేది. కనుక దాని విషయంలో తేడాకు అవకాశం తక్కువ.

అట్లని చౌకదంతా మంచిదని, లోపమే ఉండదని చెప్పరాదు. నాణ్యత పరీక్షలలో ఓడిన మందుల జాబితాలను కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ ప్రకటిస్తూ ఉంటుంది. వాటిలో పేరులేని మందులూ ఉంటవి, పేరున్న మందులూ ఉంటవి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో ఒక దగ్గుమందు త్రాగి ఇరవైమందికి పైగా పసిపిల్లలు మరణించినారు. అందులో క్లోర్‌ఫెనిరమిన్ కూడ ఒక భాగం. కాని చంపినది ఆ మందు కాదు. అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. ఆ సీసాకు బ్రాండు పేరున్నది. పేరు బిడ్డలను కాపాడలేదు. నాణ్యత పేరులో లేదు, తయారీలోను తనిఖీలోను ఉన్నది. కనుక బ్రాండును చూచి నమ్మడమూ తప్పే, చౌకదనాన్ని చూచి వెక్కిరించడమూ తప్పే. బిల్లు తీసికొని, బ్యాచి నంబరు కనిపించేటట్లు స్ట్రిప్పును దాచుకోవడం మన చేతిలో ఉన్న రక్షణ.

ప్రభుత్వాలు ఈ పేర్ల చిక్కును విడదీయడానికి ప్రయత్నించకపోలేదు. జైసుఖ్‌లాల్ హాథీ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1975లో ఇచ్చిన నివేదికలో బ్రాండు పేర్లను క్రమంగా తొలగించవలెనని చెప్పినది. 1981లో ఆస్పిరిన్ మొదలైన 5 మందుల విషయంలో ఆ మేరకు ఉత్తరువు వెలువడగా కంపెనీలు న్యాయస్థానానికెక్కినవి. ఆ ప్రయత్నం ఫలించలేదు. వైద్యులు అసలు పేర్లను స్పష్టంగా వ్రాయవలెనని 2016లో వైద్యమండలి నియమం చేసినది. అసలు పేరును బ్రాండు పేరుకంటె పెద్ద అక్షరాలలో ముద్రించవలెనని 2018లో నియమం వచ్చినది. అనగా చదువుకొనేవానికి అవకాశం కల్పించినారు. చదవడం మన వంతు.

పర్యాయపదాలు, నానార్థాలు

తరగతిలో పర్యాయపదాలు, నానార్థాలు చెప్పునప్పుడు విద్యార్థులు ఆవలిస్తారు. కాని మందుల దుకాణంలో ఈ పాఠం ప్రాణాలతో ముడిపడి ఉన్నది.

ఒకే అర్థానికి అనేక పదాలుంటే అవి పర్యాయపదాలు. సెటిరిజిన్‌కు గల బ్రాండులన్నీ ఇట్టివే. మా నాన్నగారు మోసపోయినది ఇక్కడనే.

ఒకే పదానికి అనేక అర్థాలుంటే అవి నానార్థాలు. ఇది ఇంకను ప్రమాదకరం. ప్రసిద్ధి పొందిన ఒక బ్రాండు పేరుకు చివర "ప్లస్" అనో, "కోల్డ్" అనో, "ఎం" అనో, "డి" అనో చేర్చి అదే కంపెనీ వేరు మందులు అమ్ముతుంది. పేరు ఒక్కటే అనిపిస్తుంది. లోపల ఉన్నది వేరు. "కోల్డ్" అని ఉన్నదానిలో అలర్జీ మందుతోపాటు జ్వరానికి పారాసెటమాల్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్ ఉండవచ్చును. ఈ ఫినైలెఫ్రిన్ రక్తపోటు గలవారికి మంచిది కాదు. పారాసెటమాల్ ఉన్నదని తెలియక జ్వరానికి మరొక పారాసెటమాల్ వేసికొంటే కాలేయానికి చేటు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబుమందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని 2023లో ప్రభుత్వం హెచ్చరిక ముద్రింపజేసినది. "ఎం" అని ఉన్నదానిలో తరచుగా మాంటెలుకాస్ట్ ఉంటుంది. ఇది కొందరిలో దిగులు, పీడకలలు, మనసు చెదరడం వంటివి కలిగించగలదని అమెరికా ఔషధ సంస్థ 2020లో తీవ్రమైన హెచ్చరిక చేసినది. వైద్యుడు చెప్పనిదే దానిని ముట్టరాదు. ఉత్త తుమ్ములకు ఒక్క మందున్న మాత్ర చాలును. నాలుగు మందులు కలిసినది నాలుగింతలు మంచిదనుకోవడం పొరపాటు.

ఇక అద్దంలో ప్రతిబింబం వంటి పేర్లు కొన్ని ఉన్నవి. కుడిచేయి, ఎడమచేయి ఒకదానివలె ఒకటి ఉంటవి గాని ఒకదానిమీద ఒకటి సరిగా అమరవు. సెటిరిజిన్‌లో ఇట్టి రెండు రూపాలు సమానంగా కలిసి ఉన్నవి. పనిలో ముఖ్యభాగం వహించే ఒక్క రూపాన్ని వేరుచేసి అమ్మేదే లెవోసెటిరిజిన్. అందుచేతనే 10 మిల్లీగ్రాముల సెటిరిజిన్‌కు 5 మిల్లీగ్రాముల లెవోసెటిరిజిన్ ఇంచుమించు సమానం. అంకె చిన్నది కనుక బలం తక్కువని రెండు మాత్రలు వేసికొనేవారు, రెండూ వేర్వేరు మందులని రెండింటినీ కలిపి వేసికొనేవారు మనలో ఉన్నారు.

దుకాణం ముందు నిలిచినప్పుడు

1. అసలు పేరుతో అడుగవలెను. మన పల్లెలలో ఇప్పటికే "సిట్రిజిన్ గోలీ ఇవ్వు" అని అడుగుతారు. ఉచ్చారణ ఎట్లున్నను పద్ధతి సరియైనదే. ఆ జ్ఞానాన్ని ఇతర మందులకు కూడ విస్తరింపజేసికొనవలెను.

2. అసలు పేరు, దాని ప్రక్కనున్న మిల్లీగ్రాముల అంకె, గడువు తేదీ ఈ మూడింటిని డబ్బు ఇచ్చుటకు ముందే చదువవలెను.

3. దుకాణదారు కత్తెరతో స్ట్రిప్పును కత్తిరించి రెండు మాత్రలు ఇచ్చినప్పుడు పేరు, గడువు తేదీ దుకాణంలోనే మిగిలిపోతవి. అవి ఉన్న ముక్కనే అడిగి తీసికొనవలెను. లేనిచో కాగితం మీద వ్రాయించుకొనవలెను.

4. వెలను స్ట్రిప్పుకు కాక మాత్రకు లెక్క కట్టవలెను. 10 మాత్రలు 18 రూపాయలనుకొనుడు. 15 మాత్రలు 30 రూపాయలనుకొనుడు. మొదటిది మాత్ర ఒకటికి 1 రూపాయి 80 పైసలు, రెండవది 2 రూపాయలు. పెద్ద స్ట్రిప్పు చౌక అన్న నమ్మకం ఎల్లప్పుడు నిజం కాదు.

5. ఉత్త "జెనరిక్ ఇవ్వండి" అని అడిగితే చాలదు. కొన్ని జెనరిక్ మందులపై ముద్రించిన వెల ఎక్కువగా ఉండి, దుకాణదారుకు దొరికే వెల చాల తక్కువగా ఉంటుంది. ఆ లాభం కొనేవానికి చేరవలెనన్న నియమం లేదు. కనుక రెండు మూడు రకాలు చూపించుమని అడిగి పోల్చవలెను. 2008లో ప్రారంభమైన జన్ ఔషధి దుకాణాలలో అసలు పేరుతోనే మందులు అమ్ముతారు. 2023 నాటికి ఇట్టివి దేశంలో 10,000కు చేరినవి. దగ్గరలో ఉన్నచో అక్కడి వెలను కూడ తెలిసికొనవలెను. సెటిరిజిన్ 2022 నాటి జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నది. అట్టి మందుల గరిష్ఠ వెలను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

6. ఇంటిలో ఇదివరకే వాడుతున్న మందుల స్ట్రిప్పులను వెంట తీసికొనిపోయి అసలు పేర్లు సరిచూచుకొనవలెను. ఈ ఒక్క పని చేసియుంటే మా నాన్నగారి వ్రేలు తెగియుండేది కాదు.

చౌకగా దొరుకుతున్నది కదా అని నెలల తరబడి వాడరాదు. సెటిరిజిన్, లెవోసెటిరిజిన్ చాలకాలం రోజూ వాడి ఆపివేసినవారిలో అరుదుగా తీవ్రమైన దురద పుట్టవచ్చునని అమెరికా ఔషధ సంస్థ 2025లో హెచ్చరించినది. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో వేసికొంటే ఒంటికి సరిగా పట్టదు, మంచినీళ్ళతోనే వేసికొనవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, మూత్రపిండాల వ్యాధి గలవారు, పసిపిల్లల తల్లిదండ్రులు వైద్యుని అడుగకుండ ఏదీ వాడరాదు. పాతతరపు యాంటీహిస్టమిన్‌లను మన ఔషధ నియమాలలోని "షెడ్యూల్ జి" పేరు పెట్టి పేర్కొన్నది. వైద్య పర్యవేక్షణ లేకుండ వాడుట ప్రమాదమని వాటిమీద ముద్రించవలెను. దుకాణదారు చీటీ అడుగనంత మాత్రాన ఆ మాట చెరిగిపోదు. పెదవులు, నాలుక వాచి, ఊపిరి ఆడకపోతే ఈ మాత్రలను నమ్ముకొని కూర్చుండరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చవలెను. అక్కడ కావలసినది అడ్రినలిన్ సూది.

ముగింపు

విద్యార్థులారా! మీలో అనేకులు మీ ఇండ్లలో మొదటితరం చదువరులు. ఇంటికి వచ్చిన ఉత్తరం, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం మీచేతనే చదివిస్తారు. మందు స్ట్రిప్పును కూడ ఆ వరుసలో చేర్చుకొనుడు. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు నాన్నమ్మ తలదిండు క్రింద, అల్మారాలో, కిటికీ గూటిలో ఉన్న స్ట్రిప్పులన్నీ ముందు పెట్టుకొని అసలు పేర్లు ఒక కాగితంమీద వ్రాయుడు. ఒకే పేరు రెండుచోట్ల కనిపించినచో వైద్యునికి చూపుడు.

కళాశాల పాలకవర్గంవారికి నాదొక మనవి. మన కళాశాల ప్రథమచికిత్స పెట్టెలో ఉన్న మాత్రలలో కొన్నింటికి పేర్లు లేవు, గడువు తేదీలు లేవు. వాటిని తీసివేసి, స్ట్రిప్పు చెక్కుచెదరని మందులను అసలు పేరుతో ఉంచవలెను. సాధారణంగా వాడే ఇరవై మందుల అసలు పేర్లు, అవి దేనికి వాడుదురో, ఎవరు వాడరాదో తెలిపే పట్టికను వైద్యుల సహాయంతో తయారుచేయించి ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించి నోటీసు బోర్డు ప్రక్కన వ్రేలాడదీయవలెను. అయ్యే ఖర్చు ఒక అట్టముక్క, రెండు కలముల సిరా మాత్రమే. ఉర్దూ శాఖవారు సహకరించినచో తెలుగు భాగం వ్రాసే బాధ్యత నేను స్వీకరిస్తాను.

మా నాన్నగారి తలదిండు క్రింద ఇప్పుడు ఒక్క స్ట్రిప్పే ఉన్నది. వెల తక్కువది. దానిమీద మా చెల్లెలు ఉర్దూలో పెద్ద అక్షరాలతో "సెటిరిజిన్, సగం గోలీ, రాత్రి" అని కాగితం అంటించినది. ఆయన దానిని చదువుకొనియే వేసికొంటున్నారు.